బిల్లులు ఎవరు క్యాన్సిల్ చేశారో తెలియదు, అందరిదీ ఒకే లాగిన్

డబుల్‌ఎంట్రీ
మా ఆఫీసులో పదిమంది లోపే ఉంటాం. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌కి ఒకే లాగిన్, పేరు అడ్మిన్. కౌంటర్‌లో కూర్చునేవాళ్లు, గోడౌన్ చూసేవాళ్లు, అకౌంట్స్ చూసే నేను, ఓనర్ గారి అబ్బాయి, అందరం అందులోంచే పని చేస్తాం. పోయిన నెల క్లోజింగ్‌లో క్యాష్ కలవలేదు. వెతికితే కొన్ని బిల్లులు క్యాన్సిల్ అయి ఉన్నాయి. ఎవరు చేశారో చూద్దామని లాగ్ తెరిస్తే పైనుంచి కిందిదాకా "అడ్మిన్" అనే ఉంది. లెక్కలు చూసేది నేనే కాబట్టి మొదట నన్నే నిలబెట్టి అడిగారు. అదృష్టం కొద్దీ ఆ రోజు నేను సెలవు, హాజరు రిజిస్టర్‌లో ఉంది. లేకపోతే ఏం చూపించుకునేదాన్ని?

విడివిడిగా లాగిన్లు పెట్టమంటే ఓనర్ గారు "మనలో మనకి అనుమానాలు ఎందుకమ్మా" అంటున్నారు. ఆ మాట బయటికి పొక్కి, నేనెవరినో ఇరికించాలని చూస్తున్నానని కౌంటర్‌లో గుసగుసలు. ఆయనకి ఎలా చెప్తే తలకెక్కుతుంది? మీ దగ్గర ఎలా నడుస్తోంది?

సర్వర్‌డౌన్
అందరూ అడ్మినే అయితే లాగ్ ఉన్నా లేనట్టే. మీ సాఫ్ట్‌వేర్‌లో యూజర్లని పెట్టే ఆప్షన్ అసలు ఉందా? చాలా వాటిలో ఉంటుంది, ఎవరూ ఆ మెనూ జోలికి పోరు.

ఎక్సెల్‌భక్తుడు
మా దగ్గర అంతా పద్ధతి ప్రకారం. పాస్‌వర్డ్‌లన్నీ ఒక ఎక్సెల్ ఫైల్లో ఉంటాయి. ఫైల్ పేరు "పాస్‌వర్డ్స్ ఫైనల్ కొత్తది 2". దానికీ ఒక పాస్‌వర్డ్ ఉందండోయ్. అది మానిటర్ కింద చీటీ మీద ఉంటుంది.

చిన్నఓనర్
నేను అవతలి వైపు మనిషిని, తిట్టుకోకండి. ఐదారుగురు పనిచేసే చోట ప్రతి సాఫ్ట్‌వేర్‌కీ మనిషికొక లైసెన్స్ కొంటే తడిసి మోపెడవుతుంది. ఒకరు రాకపోతే వాళ్ల పని ఇంకొకరు చేయాలి, అప్పుడు "సార్, నాకు ఆ స్క్రీన్ రావట్లేదు" అని ఫోన్లు. నమ్మకం ఉన్నవాళ్లనే పెట్టుకున్నాం. దోచుకోవాలనుకున్నవాడికి ఎన్ని లాగిన్లు పెట్టినా దారి దొరుకుతుంది.

మూడోకన్ను
అంత నమ్మకం ఉంటే మీ బ్యాంకు ఓటీపీలు కూడా ఆఫీసు గ్రూపులో పెట్టేయండి.

చిన్నఓనర్
అది వేరు.

మూడోకన్ను
ఎట్లా వేరో చెప్పండి, వింటాం.

పాతతాళం
మీరిద్దరూ దొంగ గురించే కొట్టుకుంటున్నారు. డబుల్‌ఎంట్రీ గారు రాసింది మళ్లీ చదవండి. చేయని పని తాను చేయలేదని చూపించుకోలేకపోవడం ఆవిడ బాధ. ఒకే లాగిన్ ఉన్నచోట దొంగ కంటే ముందు నలిగిపోయేది సరిగ్గా పనిచేసేవాళ్లే. ఓనర్‌కి మీరు చెప్పాల్సింది ఇదే. "అందరికీ లాగిన్లు పెట్టండి" అంటే మిగతావాళ్ల మీద చాడీ చెప్పినట్టు ఉంటుంది. "నా ఎంట్రీలు నా పేరు మీద పడాలి, నాకో లాగిన్ ఇప్పించండి" అని మీ మట్టుకు అడగండి. అప్పుడు అనుమానం మాటే రాదు. మీకు ఇచ్చాక మిగిలినవాళ్లే వచ్చి అడుగుతారు, ఎందుకంటే ఆ తర్వాత "అడ్మిన్" అని ఏది పడినా మీరు తప్ప మిగతా అందరూ జవాబు చెప్పుకోవాలి.

చిన్నఓనర్ గారి ఖర్చు మాటలో నిజం లేకపోలేదు. కానీ కొన్ని సాఫ్ట్‌వేర్లు ఒకే సమయంలో ఎంతమంది లోపల ఉంటారో చూసి డబ్బు తీసుకుంటాయి, ఎన్ని పేర్లు పెట్టుకున్నారన్నది పట్టించుకోవు. వాటిలో అందరికీ పేర్లు పెట్టినా పైసా పెరగదు. ముందు మీ ప్లాన్ ఏ రకమో చూడండి. మనిషికింత అని తీసుకునే వాటిలో డబ్బు, కస్టమర్ల వివరాలు, మెయిల్ ఈ మూడూ ఎక్కడున్నాయో అక్కడ మాత్రం విడిగా కొనాల్సిందే. పోస్టర్లు గీసుకునే యాప్‌కి కూడా అంత పట్టింపు అవసరం లేదు.

సర్వర్‌డౌన్
చివరి ముక్కతో ఏకీభవించను. మనిషికొక లైసెన్స్ అని రాసి ఉన్నదాన్ని నలుగురు వాడితే షరతులు మీరినట్టే. కంపెనీ అకౌంట్ ఆపేస్తే అందులోని పనంతా పోతుంది.

పాతతాళం
సరే, ఒప్పుకుంటున్నా. షరతులు చదివే వాడండి.

కౌంటర్‌కుర్చీ
మా దగ్గర ఎవరి పిన్ వాళ్లకి ఉంది. అయినా ఏం లాభం? డిస్కౌంట్ కొట్టాలన్నా, రిటర్న్ తీసుకోవాలన్నా సూపర్‌వైజర్ పిన్ కావాలి. రద్దీ టైంలో ఆయన ఎక్కడో లోపల ఉంటాడు, ఇక్కడ కస్టమర్ నా మీద అరుస్తుంటాడు. పిలిచీ పిలిచీ నా గొంతు పోయింది, తిరిగీ తిరిగీ ఆయనకి విసుగొచ్చింది, చివరికి ఆయనే పిన్ చెప్పేశాడు. ఇప్పుడు కొత్తగా చేరినవాళ్లకి టాయిలెట్ ఎక్కడుందో తెలిసేలోపే ఆ పిన్ తెలుస్తుంది. రూల్స్ రాసేవాళ్లు ఒక్క రోజు కౌంటర్‌లో కూర్చుని రాస్తే బాగుంటుంది.

మూడోకన్ను
ఇది అసలు సంగతి. పని ఆగిపోయేలా తాళం వేస్తే తాళంచెవి అందరి జేబుల్లోకీ చేరుతుంది.

లెడ్జర్‌లీల
కౌంటర్‌కుర్చీ చెప్పినది మేమూ పడ్డాం. తర్వాత మార్చింది ఇదీ: చిన్న డిస్కౌంట్ వరకు కౌంటర్‌లోనే ఇచ్చుకోవచ్చు, అది దాటితేనే పిన్. పాత బిల్లు నంబర్ ఉన్న రిటర్న్ కౌంటర్‌లోనే అయిపోతుంది, బిల్లు లేకుండా వచ్చినవాటికి మాత్రం పిన్. సూపర్‌వైజర్‌ని పిలవాల్సిన పని బాగా తగ్గింది, పిన్ పంచుకోవాల్సిన అవసరమూ పోయింది. డే క్లోజింగ్ అప్పుడు క్యాన్సిల్ అయిన బిల్లుల రిపోర్ట్ ఒకటి తీసి పక్కన పెడతాను. ఎవరినీ ఏమీ అడగను. రోజూ ఎవరో చూస్తున్నారని తెలిస్తే చాలు, క్యాన్సిల్ చేసేవాళ్లే కారణం రాయడం మొదలుపెట్టారు.

కౌంటర్‌కుర్చీ
మీ ఆఫీసులో ఖాళీలున్నాయా అక్కా?

గోడమీదపిల్లి
ఈ గోల కొత్తదేం కాదు. ఎవరికైనా తన పనికి సరిపడా అధికారమే ఉండాలని సాల్ట్‌జర్, ష్రోడర్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్తలు 1975లోనే పేపర్ రాశారు. మనిషికి కాకుండా ఆ మనిషి చేసే పాత్రకి అనుమతులు ఇవ్వాలన్న పద్ధతిని ఫెర్రాయిలో, కూన్ 1992లో పేపర్‌గా రాశారు. ఇప్పుడు ప్రతి సాఫ్ట్‌వేర్‌లో కనిపించే "రోల్స్" మెనూ ఆ ఆలోచనే.

ఎక్సెల్‌భక్తుడు
1975 నుంచి చెప్తున్నా మా మేనేజర్‌కి ఇంకా చేరలేదు, పోస్టు లేటైనట్టుంది.

పాతతాళం
పిల్లి గారి రెండో ముక్క చిన్న ఆఫీసులకి బాగా పనికొస్తుంది. మనిషి మనిషికీ కూర్చుని టిక్కులు పెట్టకండి. కౌంటర్, గోడౌన్, అకౌంట్స్, ఓనర్ అని నాలుగు రోల్స్ చేసి మనుషుల్ని వాటిలో వేయండి. గోడౌన్ అబ్బాయి రేపు కౌంటర్‌కి మారితే రోల్ మారుస్తారు, అంతే. ఇక్కడ చాలామంది వదిలేసేది ఒకటుంది. కొత్త రోల్ ఇస్తారు, పాతది తీయరు. కొన్నేళ్లు అలా నాలుగు సీట్లు తిరిగిన మనిషి చేతిలో ఓనర్‌కి ఉన్నన్ని అధికారాలు పోగవుతాయి. ఎవరూ కావాలని ఇవ్వలేదు, ఎవరూ తీసేయలేదు.

ఇంకో మాట, డబ్బు బయటికి వెళ్లే చోట ఒక్కరి చేతిలో రెండు పనులూ ఉండకూడదు. సప్లయర్ బ్యాంకు వివరాలు ఎక్కించేది ఒకరైతే, పేమెంట్ ఓకే చేసేది ఇంకొకరు ఉండాలి. వ్యాపార ఖాతాలకి చాలా బ్యాంకులు నెట్ బ్యాంకింగ్‌లో ఈ మేకర్, చెకర్ ఏర్పాటు ఇస్తాయి. అడిగితేనే పెడతారు.

చిన్నఓనర్
ఇది మాత్రం మా దగ్గర ఉంది. అకౌంటెంట్ ఎక్కిస్తాడు, నేను ఫోన్‌లో ఓకే చేస్తా.

మూడోకన్ను
చూశారా, నమ్మకం ఉంటూనే చెక్ కూడా ఉంది. అకౌంటెంట్ ఏమైనా నొచ్చుకున్నాడా?

చిన్నఓనర్
లేదు. తప్పు నంబర్ పడితే ఇద్దరం చూశాం కదా అని ఆయనకే ధైర్యం.

ఫ్రీలాన్స్‌పిట్ట
మీరంతా బిల్లింగ్ దగ్గరే ఆగిపోయారు. నేను వెబ్‌సైట్లు చేస్తాను. నా క్లయింట్లలో చాలామందికి తమ డొమైన్, అంటే సైట్ అడ్రస్, ఎవరి పేరు మీద ఉందో తెలియదు. "మీరే చూసుకోండి" అని వదిలేస్తారు. నేను వద్దన్నా నా మెయిల్‌తోనే రిజిస్టర్ చేయమంటారు. డొమైన్ చేతిలో ఉన్నవాడు సైట్‌ని ఎటైనా తిప్పగలడు, ఆ డొమైన్‌తో నడిచే ఆఫీసు మెయిల్స్‌ని కూడా. మెయిల్ చేతికొస్తే మిగతా సర్వీసుల పాస్‌వర్డ్‌లన్నీ రీసెట్ చేసుకోవచ్చు. బిల్లింగ్ అడ్మిన్ దీని ముందు చిన్నది. డొమైన్ ఓనర్ మెయిల్‌తోనే, ఓనర్ పేరు మీదే ఉండాలి. రెన్యువల్ గుర్తు చేసే మెయిల్ మానేసిన ఉద్యోగి ఇన్‌బాక్స్‌కి వెళ్లి, డొమైనే పోగొట్టుకున్న క్లయింట్‌ని చూశాను.

నెట్‌నాగు
మానేసినవాళ్ల మాట ఎత్తారు కాబట్టి. కొలోనియల్ పైప్‌లైన్ మీద 2021లో జరిగిన దాడి గుర్తుందా? అమెరికాలో పెద్ద ఇంధన పైప్‌లైన్ రోజుల తరబడి ఆగిపోయింది. లోపలికి రావడానికి వాడింది ఎవరూ వాడకుండా వదిలేసిన ఒక పాత వీపీఎన్ (బయటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వచ్చే దారి) అకౌంట్. ఆ అకౌంట్‌ని ఆపలేదు, దానికి రెండో దశ వెరిఫికేషన్ కూడా లేదు. నెట్‌వర్క్ పరికరాల కంపెనీ సిస్కోలో అయితే 2018లో మానేసిన ఇంజినీరే కొన్ని నెలల తర్వాత వాళ్ల క్లౌడ్‌లోకి వచ్చి 456 వర్చువల్ మెషీన్లు (సర్వర్లలో నడిచే సాఫ్ట్‌వేర్ కంప్యూటర్లు) చెరిపేశాడు. దాంతో వాళ్ల మీటింగులు, చాట్ సర్వీసు వెబెక్స్ టీమ్స్‌లో 16,000కి పైగా అకౌంట్లు ఆగిపోయాయి. అతనికి తర్వాత జైలు శిక్ష పడింది. అంత పెద్ద కంపెనీల్లోనే పాత దారులు మూయడం మర్చిపోతారు.

ఎక్సెల్‌భక్తుడు
మా కంప్యూటర్లని వేరే దేశం వాడు హ్యాక్ చేస్తే ముందు ఆ స్పీడ్ చూసి వాడే ఏడుస్తాడు.

నెట్‌నాగు
నవ్వండి. కానీ ఏ చిన్న ఆఫీసుకి సర్వీసుకి వెళ్లినా నాకు కనిపించేది ఒకటే. దూరం నుంచి కంప్యూటర్ నడిపే ఎనీడెస్క్‌లో అన్‌అటెండెడ్ యాక్సెస్ పాస్‌వర్డ్ పెట్టి ఉంటుంది. ఎప్పుడో సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేయడానికి వచ్చిన మనిషి పెట్టి వెళ్లాడు. అతను ఆ కంపెనీలో ఇంకా ఉన్నాడో లేడో కూడా తెలియదు, కానీ ఎవరూ ఓకే నొక్కకుండానే మీ కంప్యూటర్లోకి ఇప్పటికీ రాగలడు. ఇవాళే తెరిచి చూసుకోండి.

ఇంకోటి క్రోమ్. స్టాఫ్ ఆఫీసు కంప్యూటర్లో సొంత గూగుల్ అకౌంట్‌తో సైన్ ఇన్ అవుతారు. "పాస్‌వర్డ్ సేవ్ చేయాలా" అంటే సరే అంటారు. మీ పాస్‌వర్డ్‌లు వాళ్ల ఇంటి కంప్యూటర్‌కి, ఫోన్‌కి వెళ్లిపోతాయి. ఇందులో దురుద్దేశం ఏమీ ఉండదు, వాళ్లకీ తెలియదు.

సర్వర్‌డౌన్
వాట్సాప్ బిజినెస్ కూడా కలపండి. మెయిన్ ఫోన్ కాక నాలుగు డివైస్‌లు లింక్ అవుతాయి. మెయిన్ ఫోన్ 14 రోజులు ఆన్‌లైన్‌లో లేకపోతే తప్ప, వాడుతున్నంతకాలం అవి వాటంతట అవి పోవు. మానేసిన మనిషి లాప్‌టాప్‌లో మీ కస్టమర్ల చాట్ అలాగే నడుస్తుంటుంది. లింక్డ్ డివైసెస్‌లోకి వెళ్లి తీసేయాలి. అసలు ఆ నంబర్ ఉద్యోగి సొంత సిమ్ అయితే ఇక చెప్పేదేముంది.

లెడ్జర్‌లీల
అందుకే మేము నెలకోసారి అన్ని పాస్‌వర్డ్‌లూ మారుస్తాం.

గోడమీదపిల్లి
ఎందుకండీ అంత శ్రమ? ఊరికే గడువు పెట్టి పాస్‌వర్డ్‌లు మార్పించొద్దని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే చెప్పింది. బయటపడిందని తెలిస్తేనే మార్చమంది. నెలనెలా మార్చమంటే జనం చివర అంకె ఒకటి పెంచుతారు, అంతే.

లెడ్జర్‌లీల
చివర నెల పేరు పెడతాం మేము. ఇప్పుడు ఇక్కడ చెప్పకూడదేమో.

ఎక్సెల్‌భక్తుడు
చెప్పేశారు కదా అక్కా, ఇక వచ్చే నెల దాకా ఆగండి.

పాతతాళం
పిల్లి గారన్నది ఒక్కరే వాడే పాస్‌వర్డ్‌కి సరిపోతుంది. పదిమంది వాడేదాంట్లో ఒకరు మానేస్తే ఆ రోజే మార్చాలి, ఎందుకంటే తెలిసిన మనిషి బయటికి వెళ్లాడు. విడి లాగిన్ల వల్ల వచ్చే పెద్ద సుఖం ఇదే. ఒకరిది ఆపితే మిగతావాళ్లకి తెలియను కూడా తెలియదు. షేరింగ్ తప్పనిసరి అయినవాటిని పాస్‌వర్డ్ మేనేజర్‌లో పెట్టండి, బిట్‌వార్డెన్, వన్‌పాస్‌వర్డ్ ఏదైనా సరే. పాస్‌వర్డ్ కనబడకుండా షేర్ చేసే ఆప్షన్ ఉంది కదా అని ధీమా పడొద్దు, కాస్త తెలిసినవాళ్లు బ్రౌజర్‌లోంచి బయటికి లాగేస్తారు. మనిషి వెళ్లాక దాన్ని కూడా మార్చాల్సిందే.

మౌనవ్రతం
చాలా రోజులుగా చదువుతున్నా, ఇప్పుడే రాస్తున్నా. ఇక్కడ అందరూ మానేసినవాళ్లని ముద్దాయిల్లా చూస్తున్నారు. నేను మానేసిన చోట నా లాగిన్ తీయలేదు, తీయమని మెయిల్ పెట్టినా పట్టించుకోలేదు. తర్వాత అక్కడ ఏదో ఆర్డర్ తారుమారైతే నాకు ఫోన్ చేశారు. వెళ్లిపోయిన మనిషికి ఇదేం టెన్షన్? రాజీనామా చేసేటప్పుడే "నా అకౌంట్లన్నీ ఆపినట్టు రాసివ్వండి" అని అడగండి. అడిగే హక్కు మనకీ ఉంది.

డబుల్‌ఎంట్రీ
మౌనవ్రతం గారూ, మీరు మౌనం వీడినందుకు థాంక్స్. నాకు తట్టని కోణం ఇది.

అప్‌డేట్: పాతతాళం గారు చెప్పినట్టే నా ఒక్కదానికే అడిగాను. ఓనర్ గారు "అంతేనా" అని సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఫోన్ చేశారు. సర్వర్‌డౌన్ గారి ఊహ నిజమే, యూజర్లు, రోల్స్ మొదటి నుంచీ ఉన్నాయట, మా ప్లాన్‌లో అదనంగా కట్టక్కర్లేదట. నాకు ఇచ్చిన మూడో రోజుకి కౌంటర్‌లో ఇద్దరు వచ్చి మాకూ కావాలన్నారు. ఒక్క ఓనర్ గారి అబ్బాయి మాత్రం "నాకు అడ్మినే ఉండనీ" అంటున్నాడు.

మూడోకన్ను
ఆహా. ఇప్పుడు అర్థమైందా బిల్లులు ఎవరు

మోడరేటర్
మూడోకన్ను, ఆగండి. ఊహలతో ఎవరి మీదా నేరం మోపొద్దు, ఇంకో పోస్టు ఇలాంటిది పడితే తీసేస్తాను.

మూడోకన్ను
సరే సరే. ఎవరు చేశారో ఇక తెలియదు కూడా, ఆ లాగ్ అలా ఉంది.

పాతతాళం
అబ్బాయికి అడ్మిన్ ఉండటం తప్పేం కాదు, రోజువారీ బిల్లులు అందులోంచి కొట్టడం తప్పు. తన పేరుతో మామూలు లాగిన్ ఒకటి, సెట్టింగ్‌లు మార్చేటప్పుడు మాత్రమే తెరిచే అడ్మిన్ ఒకటి పెట్టమనండి. అతనికి నచ్చేలా చెప్పాలంటే, అడ్మిన్ తెరిచి పెట్టి పక్కకి వెళ్తే ఎవరు ఏం చేసినా తన ఖాతాలోనే పడుతుందని చెప్పండి.

డబుల్‌ఎంట్రీ
ఆ చివరి మాట పనిచేస్తుంది, నాకు తెలుసు ఆ అబ్బాయి. ఇంకో సందేహం. ఇప్పుడు అడ్మిన్ ఓటీపీ ఓనర్ గారి ఫోన్‌కే వస్తుంది. ఆయన ప్రయాణాల్లో ఉంటే పని ఆగిపోదా?

నెట్‌నాగు
అడ్మిన్ ఒక్కరే ఉండకూడదు, ఇద్దరు ఉండాలి. ఒకరి ఫోన్ పోయినా రెండోవాళ్లు తీస్తారు. మైక్రోసాఫ్ట్ కూడా అత్యవసరానికి అని రెండు విడి అడ్మిన్ అకౌంట్లు పక్కన పెట్టుకోమంటుంది, అలాగని అన్ని అధికారాలూ ఉన్న గ్లోబల్ అడ్మిన్లు ఐదుగురి లోపే ఉండాలంటుంది. ఎస్సెమ్మెస్ ఓటీపీ బదులు ఫోన్‌లోనే కోడ్ తయారుచేసే ఆథెంటికేటర్ యాప్ పెట్టుకోండి, సిగ్నల్ లేకపోయినా పనిచేస్తుంది. గూగుల్ అకౌంట్ అయితే 10 బ్యాకప్ కోడ్లు ఇస్తుంది, ఒక్కోటి ఒక్కసారే పనిచేస్తుంది. ప్రింట్ తీసి కవర్లో పెట్టి బీరువాలో పడేయండి.

ఎక్సెల్‌భక్తుడు
బీరువా తాళం ఎవరి దగ్గర ఉండాలి?

నెట్‌నాగు
మీ దగ్గర తప్ప ఎవరి దగ్గరైనా.

చిన్నఓనర్
ఇంత చదివాక ఎనీడెస్క్ తెరిచి చూశాను. పాస్‌వర్డ్ పెట్టి ఉంది. తీసేశాను. ఇంకేం అనను. ఒకటి చెప్పండి, మా దగ్గర ఒకమ్మాయి మానేసింది, ఆఫీసు మెయిల్ గూగుల్ వర్క్‌స్పేస్‌లో ఉంది. వెంటనే డిలీట్ చేసేయనా?

సర్వర్‌డౌన్
వద్దు, ముందు సస్పెండ్ చేయండి. ఆమెకి ఇక లోపలికి రావడం కుదరదు, డేటా ఉంటుంది. కాకపోతే సస్పెండ్‌లో ఉన్నంతకాలం లైసెన్స్ డబ్బు పడుతూనే ఉంటుంది. డిలీట్ చేసేటప్పుడు డ్రైవ్ ఫైళ్లు ఎవరికి మార్చాలో అడుగుతుంది, అది దాటవేయకండి. పొరపాటున చేసినా 20 రోజుల్లోపు వెనక్కి తెచ్చుకోవచ్చు.

గోడమీదపిల్లి
మైక్రోసాఫ్ట్ 365 వాళ్లకి అది 30 రోజులు. ఆ మెయిల్‌బాక్స్‌ని షేర్డ్‌గా మారిస్తే 50 జీబీ దాకా లైసెన్స్ అక్కర్లేదు.

ఫ్రీలాన్స్‌పిట్ట
సస్పెండ్ చేసే ముందు ఆ అమ్మాయి మెయిల్‌తో ఏయే సర్వీసులు రిజిస్టర్ అయ్యాయో చూడండి. సెర్చ్‌లో "వెరిఫై", "ఇన్వాయిస్" అని కొడితే సగం బయటపడతాయి. ఇక ముందు కొత్త సర్వీసు ఏది తీసుకున్నా మనిషి పేరున్న మెయిల్‌తో కాకుండా ఆఫీసు పేరున్న మెయిల్‌తో తీసుకోండి. మెయిల్ సెట్టింగ్‌లలో ఫార్వర్డింగ్ ఎక్కడికైనా పెట్టి ఉందేమో కూడా ఓసారి చూడండి.

చిన్నఓనర్
ఫార్వర్డింగ్ ఉంది. ఆ అమ్మాయి సొంత మెయిల్‌కి. ఇంటి నుంచి పనిచేసినప్పుడు నేనే పెట్టుకోమన్నట్టు గుర్తు.

మౌనవ్రతం
అందుకే ముందే అన్నాను, మానేసినవాళ్లని అనుమానించే ముందు మనం ఏం ఇచ్చామో చూసుకోమని.

లెడ్జర్‌లీల
సందట్లో సడేమియా, నాదొకటి. వెబ్‌సైట్‌లో వారానికో ఆఫర్ పెట్టే అబ్బాయికి వర్డ్‌ప్రెస్‌లో (మా సైట్ నడిచే సాఫ్ట్‌వేర్) అడ్మినిస్ట్రేటర్ రోల్ ఇచ్చి ఉంది. ఏది ఇవ్వాలి?

ఫ్రీలాన్స్‌పిట్ట
తను రాసినవి తనే పబ్లిష్ చేస్తే చాలంటే ఆథర్. మీరు చూశాకే బయటికి వెళ్లాలంటే కంట్రిబ్యూటర్, కానీ అందులో ఫొటోలు అప్‌లోడ్ చేయలేడు. మిగతావాళ్ల పోస్టులు, పేజీలు కూడా దిద్దాలంటే ఎడిటర్. ఆఫర్లంటే ఫొటోలు ఉంటాయి కదా, ఆథర్ ఇచ్చేయండి. అవి పోస్టులుగా కాక పేజీలో పెడుతుంటే మాత్రం ఆథర్‌కి కుదరదు, చూసుకోండి.

లెడ్జర్‌లీల
పేజీలోనే పెడతాడు. ఎడిటర్‌కి మార్చి రేపు చెప్తా.